ముందు కడగండి, స్పిరిట్ సంగతి తర్వాత

మీ రేజర్‌ని ఒకసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దాని తల వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. మూడు బ్లేడ్లో ఐదు బ్లేడ్లో ఉన్న కార్ట్రిడ్జ్ అయితే వాటి సందుల్లో బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. ఎండిన నురుగు, తెగిన వెంట్రుక ముక్కలు, చర్మం మీంచి లేచొచ్చిన పొట్టు, ముఖం మీది జిడ్డు, అన్నీ కలిసి గట్టిపడ్డ ముద్ద అది. దాని మీద స్పిరిట్ పోస్తే ఏమవుతుంది? పైపొర తడుస్తుంది. లోపలున్నది లోపలే ఉంటుంది.

రేజర్ శుభ్రత విషయంలో జనం రెండు రకాలు. గడ్డం గీసుకోవడం అయ్యాక పంపు కింద ఒకసారి ఆడించి, తడితడిగానే సింకు అంచున పడేసేవాళ్ళు ఒక రకం. చేతికందిన మందునల్లా దాని మీద పోసేవాళ్ళు ఇంకో రకం. నాకు మొదటివాళ్ళ కన్నా రెండోవాళ్ళ గురించే ఎక్కువ బెంగ. మొదటివాళ్ళకి తాము సరిగ్గా శుభ్రం చేయలేదని తెలుసు. రెండోవాళ్ళు మాత్రం మందు పోశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. ఆ ధీమాతోనే అదే రేజర్‌ని ఇంకొకరి చేతికి ఇస్తారు.

క్రిముల మందు ఏదైనా సరే, క్రిమిని తాకితేనే పనిచేస్తుంది. మధ్యలో జిడ్డో సబ్బు పొరో ఉంటే తాకలేదు. స్పిరిట్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. అందులోని ఆల్కహాల్ క్రిములను చంపేదే వాటి ప్రొటీన్లను గడ్డకట్టించి. ముద్దలో ఉన్న చర్మపు పొట్టు, ఎండిన రక్తపు మరక కూడా ప్రొటీన్లే. వాటినీ అలాగే గడ్డకట్టించి బ్లేడుకి మరింత గట్టిగా అంటిస్తుంది. క్లోరిన్ ఉన్న బ్లీచ్ సంగతి మరోలా ఉంటుంది. దాని శక్తి సగం మురికితో తలపడటానికే ఖర్చయిపోతుంది. అమెరికా సెలూన్లలో గాజు జాడీలో నీలంగా కనిపించే బార్బిసైడ్ అనే మందు ఉంది, 1940ల నాటిది. దువ్వెనలు, కత్తెరలు అందులో 10 నిమిషాలు పూర్తిగా మునిగి ఉండాలి. కానీ అందులో వేసే ముందు వాటిని వెంట్రుక లేకుండా దులిపి, సబ్బుతో కడిగి తీరాలి. రోజంతా ఇదే పని చేసేవాళ్ళకే కడగకుండా ముంచడం కుదరనప్పుడు, ఇంట్లో దూదితో నాలుగు చుక్కలు అద్దేసి పని అయిపోయిందనుకోవడం ఎలా కుదురుతుంది?

అసలు రేజర్ గురించి ఇంత పట్టింపు ఎందుకు అనొచ్చు. ఇంట్లో ఇంకే వస్తువుకీ ఇవ్వని హక్కు దానికి ఇస్తున్నాం కాబట్టి. చర్మం మీద ఎప్పుడూ క్రిములు ఉంటాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఎంతోమంది ఆరోగ్యవంతుల ముక్కులోనే కాపురం ఉంటుంది, వాళ్ళకి ఏ హానీ చేయదు. చర్మం చెక్కుచెదరనంత కాలం అది బయటే ఉంటుంది. బ్లేడు ఆ గోడకి గండి కొడుతుంది. రక్తం వచ్చిన గాటు ఒక్కటే మనకి కనపడుతుంది గానీ, ప్రతి షేవింగ్‌లోనూ కంటికి ఆనని గీతలు పడుతూనే ఉంటాయి. గీసిన చోట కాస్త లోషన్ రాస్తే చురుక్కుమనేది అందుకే.

దీన్ని బాగా అర్థం చేసుకున్నది ఆపరేషన్ గదుల్లోవాళ్ళు. ఒకప్పుడు ఆపరేషన్‌కి ముందు కోత పెట్టే చోట వెంట్రుకలు రేజర్‌తో గీసేవాళ్ళు. శుభ్రత కోసమే. కానీ గీసిన చోట ఇన్‌ఫెక్షన్లు తగ్గకపోగా పెరుగుతున్నాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో ఎటూ తేల్చకుండా వదిలేయలేదు: వెంట్రుకలు అసలు తీయొద్దు, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించండి, రేజర్‌తో మాత్రం గీయొద్దు. గమనించాల్సింది ఏమిటంటే, ఆసుపత్రిలో వాడేవి ప్యాకెట్ విప్పిన కొత్త బ్లేడ్లు. అంటే రేజర్ ఎంత శుభ్రంగా ఉన్నా చర్మానికి పడే గీతలు ఎలాగూ పడతాయి. రేజర్ కూడా మురికిదైతే ఆ గీతల్లోకి మనమే చేతులారా క్రిములను పంపుతున్నట్టు.

లార్డ్ కార్నార్వన్ కథ చాలామంది వినే ఉంటారు, కాకపోతే శాపం కథగా. ఈజిప్టులో టుటన్‌ఖామున్ సమాధి తవ్వకాలకి డబ్బు పెట్టిన ఆయన, సమాధి బయటపడిన కొద్ది నెలలకే 1923 ఏప్రిల్ 5న కైరోలో చనిపోయాడు. ఫారో, అంటే ఆ ప్రాచీన ఈజిప్టు రాజు, శాపం తగిలిందని పత్రికలు హోరెత్తించాయి. జరిగింది ఇది: చెంప మీద దోమకాటు ఉంది, గడ్డం గీసుకుంటుంటే రేజర్ దానికి తగిలి తెగింది, అక్కడ ఇన్‌ఫెక్షన్ మొదలై రక్తంలోకి పాకింది, ఆపై న్యుమోనియా వచ్చింది. అప్పటికే ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం. పెనిసిలిన్‌ని శాస్త్రవేత్త ఫ్లెమింగ్ గుర్తించడానికి ఇంకా ఐదేళ్ళు ఉంది. ఈ రోజుల్లో అలాంటి గాటుకి ఒక కోర్సు మాత్రలతో సరిపోవచ్చు, నిజమే. కానీ ఒంట్లో శక్తి తక్కువగా ఉన్నవాళ్ళకి చిన్న గాటు కూడా చిన్నది కాదన్న సంగతి అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

నాకీ విషయం ఇంత ముఖ్యం కావడానికి కారణం మా నాన్నగారు. ఆయనకి షుగర్ ఉంది. చేతులు వణుకుతాయి కాబట్టి గడ్డం నేనే గీస్తాను. షుగర్ అదుపులో లేనివాళ్ళకి పుండ్లు త్వరగా మానవు, చీము పట్టే అవకాశం ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి గాటు పడితే రక్తం ఓ పట్టాన ఆగదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు కూడా ఈ కోవలోకే వస్తారు. ఇలాంటివాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, గీయడం మానేసి ఎలక్ట్రిక్ ట్రిమ్మర్‌తో కత్తిరించుకోండి అని. మా నాన్నగారు ఒప్పుకోరు. నున్నగా లేకపోతే ముఖం కడుక్కున్నట్టే ఉండదంటారు. ఆ కోరిక కాదనే హక్కు నాకు లేదు. అందుకని ఆయన రేజర్ బాధ్యత నాది.

రోజూ చేయాల్సిన పని నిజానికి చాలా తక్కువ. గీస్తున్నప్పుడే ప్రతి రెండు మూడు గీతలకి రేజర్‌ని నీళ్ళలో కడగాలి, ముద్ద పేరుకోనివ్వకుండా. అయిపోయాక పంపు ధార గట్టిగా వదిలి, ముందువైపు నుంచి కాకుండా వెనకవైపు నుంచి నీళ్ళు పోనివ్వాలి. ముందు నుంచి పోస్తే వెంట్రుకలు సందుల్లోకి ఇంకా లోపలికి వెళ్ళి ఇరుక్కుంటాయి. వెనక నుంచి పోస్తే వచ్చిన దారినే బయటికి పోతాయి. గోరువెచ్చని నీళ్ళయితే జిడ్డు త్వరగా వదులుతుంది. ఇంకా మిగిలితే మెత్తటి పాత టూత్‌బ్రష్ మీద ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, బ్లేడు వీపు నుంచి అంచు వైపుకి, ఒకే దిశలో తుడవాలి. అంచుకి ఎదురుగా తోమితే బ్లేడు పాడవుతుంది, బ్రష్ కూడా తెగుతుంది. ఆ బ్రష్‌ని ఈ పనికే కేటాయించాలని వేరే చెప్పక్కర్లేదు.

సింకు అంచుకేసి టకటకా కొట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. టవల్‌తో తుడవడం కూడా. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్లేడు మొద్దుబారే తీరుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసి 'సైన్స్' అనే పత్రికలో ప్రచురించారు. వెంట్రుక కన్నా బ్లేడు ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుక తగిలి అంచులోంచి అతి సన్నని పెచ్చులు ఊడిపోతున్నాయట. అంచు నెమ్మదిగా అరిగి గుండ్రబడటం కన్నా ఈ పెచ్చులు లేవడమే అసలు కథ. వెంట్రుకకే ఊడిపోయే అంచుని పింగాణీకేసి కొడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత ఆరబెట్టడం. నా దృష్టిలో ఇది సగం పని, చాలామంది వదిలేసేదీ ఇదే. తడి ఉన్నచోటే బాక్టీరియా పెరుగుతుంది. ముఖ్యంగా సూడోమోనాస్ లాంటివి తేమ ఎప్పుడూ ఉండే చోట్లనే వెతుక్కుంటాయి. బాగా విదిలించి, తల పైకి వచ్చేలా నిలబెట్టి, గాలి తగిలే చోట ఉంచండి. షవర్ కింద, సబ్బు పెట్టె పక్కన, నీళ్ళు చింది పడే చోట వద్దు. తడి ఆరకముందే ప్లాస్టిక్ మూత పెట్టేస్తే ఆ తేమని లోపల బంధించినట్టే. నేనైతే రేజర్‌ని బాత్రూంలోనే ఉంచను, పడకగది అల్మారాలో నిలబెడతాను. అక్కడి చర్మవైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీవాళ్ళు చెప్పేదీ అదే: షవర్‌లో గానీ తడి సింకు మీద గానీ వదిలేయొద్దు, పొడి చోట ఉంచండి, 5 నుంచి 7 సార్లు గీసుకున్నాక బ్లేడు మార్చేయండి.

ఒకే బ్లేడున్న సేఫ్టీ రేజర్ వాడేవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. మర తిప్పితే మూడు ముక్కలుగా విడిపోతుంది, దాక్కోవడానికి సందు ఉండదు. అప్పుడప్పుడూ విప్పి, మరల్లో పేరుకున్న తెల్లటి సబ్బు పొరని బ్రష్‌తో తోమితే చాలు. నీళ్ళ వల్ల పడ్డ ఉప్పు మరకలకి వెనిగర్‌లో ముంచమని చాలామంది సలహా ఇస్తారు. తక్కువ రకం రేజర్లు జింకు కలిసిన లోహంతో పోత పోసి పైన క్రోమ్ పూత వేసినవి. పూత ఎక్కడైనా చిట్లి ఉంటే ఆమ్లం లోపలి లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియం రేజర్‌కి వెనిగర్ ఒక్కటే కాదు, సోడా లాంటి క్షారాలు కూడా పడవు. సబ్బు నీళ్ళే అన్నిటికీ మేలు.

ఇక స్పిరిట్. నేను దానికి శత్రువుని కాను. మా నాన్నగారి రేజర్‌కి ప్రతిసారీ వాడతాను, కడిగి ఆరబెట్టాకే. వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ముఖ్యంగా బలం. 99 శాతం ఆల్కహాల్ కన్నా 70 శాతమే బాగా పనిచేస్తుంది. వింతగా అనిపిస్తుంది గానీ కారణం ఉంది: ప్రొటీన్లు గడ్డకట్టాలంటే నీళ్ళు కావాలి, పైగా నీళ్ళు కలిసినది అంత త్వరగా ఆవిరవదు, క్రిమిని తాకి ఉండే సమయం పెరుగుతుంది. దూదితో తుడిచేస్తే క్షణాల్లో ఎగిరిపోతుంది. చిన్న గాజు గ్లాసులో పోసి రేజర్ తలని ముంచి పది నిమిషాలు వదిలేయడం నా పద్ధతి. తర్వాత గాలికి ఆరనిచ్చి, మళ్ళీ గీసే ముందు మంచినీళ్ళతో ఒకసారి కడగాలి. స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి స్టవ్వు దగ్గర, దీపం దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. ఇంత చేసినా అది స్టెరిలైజేషన్, అంటే క్రిములన్నిటినీ పూర్తిగా చంపేయడం, కాదు. కొన్ని బాక్టీరియా గట్టి పెంకులో దాక్కుని ఉండే స్పోర్లను ఆల్కహాల్ చంపలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రపు వెంట్రుకలతో చేసిన షేవింగ్ బ్రష్‌ల వల్ల సైనికులకి ఆంథ్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు సోకింది, ఆ వెంట్రుకల్లో ఉన్నవి స్పోర్లే. ఇప్పటి బ్రష్‌లకి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు గానీ, బ్రష్‌ని కూడా నురుగు పోయేదాకా కడిగి ఆరబెట్టాలని మాత్రం గుర్తుంచుకోండి.

మరి మిగతావి? బ్లీచ్ వద్దే వద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీద ఉండే పలచని క్రోమియం ఆక్సైడ్ పొర, క్లోరిన్ లవణాలు దానికి చిల్లులు పెడతాయి. పైగా బ్లీచ్‌ని వెనిగర్‌తోనో స్పిరిట్‌తోనో కలిపితే విషవాయువులు, విషపదార్థాలు పుడతాయి. చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్‌లో చిక్కదనం కోసం కలిపినవి బ్లేడుకి అతుక్కుని మళ్ళీ ముద్ద కడతాయి. డెట్టాల్ లాంటి యాంటిసెప్టిక్ నీళ్ళలో ఊరబెట్టి కడగకుండా గీసుకుంటే కొందరి చర్మం మండి ఎర్రబడుతుంది, దాన్ని మళ్ళీ ఇన్‌ఫెక్షన్ అనుకుని మందు ఇంకా పెంచుతారు. మరిగే నీళ్ళు మామూలు బాక్టీరియానీ చాలా వైరస్‌లనీ చంపుతాయి, పూర్తి స్టీలు రేజర్‌కి ఫర్వాలేదు. ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌ని అందులో వేస్తే వంకర తిరుగుతుంది, పైనున్న జారుడు పట్టీ కరిగిపోతుంది. యూవీ లైటు పెట్టెల విషయానికొస్తే, వెలుతురు పడిన చోటే వాటి ప్రభావం. ఐదు బ్లేడ్ల మధ్య నీడలోకి అది చేరదు.

ఇన్ని మందుల గురించి రాశాను గానీ, ఆరోగ్యంగా ఉండి, తన రేజర్ తనే వాడుకునే మనిషికి రోజూ ఏ మందూ అక్కర్లేదన్నదే నా వాదన. కడగడం, ఆరబెట్టడం, వేళకి బ్లేడు మార్చడం, ఇవి చాలు. మందు కావలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. చీముపొక్కులు వచ్చి తగ్గిన తర్వాత, రేజర్ బాత్రూం నేల మీద పడినప్పుడు, తాతల నాటి రేజర్‌నో ఎవరో వాడినదో బాగుచేసి వాడాలనుకున్నప్పుడు, ఇంట్లో షుగర్ లాంటి జబ్బు ఉన్నవాళ్ళకి. అప్పుడు కూడా కార్ట్రిడ్జ్‌నో బ్లేడునో శుద్ధి చేయడానికి తంటాలు పడే బదులు పారేసి కొత్తది పెట్టి, పిడినీ తలనీ కడిగి స్పిరిట్‌లో ముంచడం సులువు, నమ్మకం. మార్చి పారేసే పలచటి బ్లేడు ఆలోచనకి కింగ్ జిలెట్ అనే అమెరికన్ వ్యాపారి 1904లో పేటెంట్ పొందాడు. అంతకుముందు ఒకే కత్తిని ఏళ్ళ తరబడి నూరుకుంటూ వాడేవాళ్ళు. రేజర్ శుభ్రతలో ఇప్పటిదాకా వచ్చిన అతి పెద్ద మేలు అదేనని నా అభిప్రాయం. ఆ మేలుని వాడుకోకుండా పాత బ్లేడుని స్పిరిట్‌లో ఊరబెట్టి మరో నెల లాగించడం నాకు మింగుడుపడదు.

పొదుపు కోసం బ్లేడు ఎక్కువ రోజులు వాడేవాళ్ళని నేను తప్పుపట్టను. ఇంకొకరి రేజర్ వాడేవాళ్ళ దగ్గర మాత్రం నా గొంతు పెరుగుతుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండి, మనిషికి సోకగలదు. కంటికి కనపడనంత రక్తం చాలు. హెపటైటిస్-సి కూడా రక్తం ద్వారానే వ్యాపిస్తుంది, దానికి ఇప్పటిదాకా టీకా లేదు. ఈ రెండూ ఒంట్లో ఉన్నా ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా తిరిగేవాళ్ళు ఎందరో. కాబట్టి "మనవాళ్ళేగా" అన్న మాటకి ఇక్కడ అర్థం లేదు. మనవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. అన్నదమ్ములైనా, భార్యాభర్తలైనా, హాస్టల్ గదిలో ప్రాణస్నేహితులైనా ఎవరి రేజర్ వాళ్ళదే. స్పిరిట్‌లో ముంచి ఇచ్చాను కదా అన్న సమాధానం నేను ఒప్పుకోను. ఇంట్లో చేసే ఏ శుద్ధీ ఒకరి బ్లేడుని ఇంకొకరికి పనికొచ్చేలా చేయదు. టీనేజ్ పిల్లలు మొదటిసారి గడ్డానికి సిద్ధపడేది సాధారణంగా నాన్న రేజర్‌తోనే, దొంగచాటుగా. వాళ్ళు అడగకముందే వాళ్ళకంటూ ఒకటి కొనివ్వండి.

ఒకే మనిషి ఒంటి మీద కూడా బ్లేడు జబ్బుని మోసుకుపోతుంది. ముఖం మీద పులిపిర్లు, ముత్యాల్లాంటి మొలస్కమ్ పొక్కులు, పెదవి దగ్గర జ్వరపు పొక్కులు ఉన్నప్పుడు వాటి మీంచి గీస్తే రేజర్ వెళ్ళిన దారి పొడుగునా కొత్తవి పుట్టుకొస్తాయి. అవి మానేదాకా అక్కడ గీయకపోవడమే మందు. పొరపాటున గీస్తే ఆ బ్లేడు ఇక వాడొద్దు.

మెడ మీద, గీసిన రెండు రోజులకి లేచే ఎర్రటి గుల్లలు మాత్రం చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ కాదు. ఉంగరాల వెంట్రుకలు ఉన్నవాళ్ళకి కోసుగా తెగిన వెంట్రుక వంపు తిరిగి చర్మంలోకే దిగబడుతుంది, ఒళ్ళు దాన్ని ముల్లులా భావించి వాపు తెస్తుంది. దీనికి రేజర్‌ని ఎంత శుద్ధి చేసినా లాభం లేదు. మరీ చర్మానికి అంటించి గీయకపోవడం, వెంట్రుక పెరిగే దిశలోనే గీయడం, కుదిరితే కొన్నాళ్ళు ట్రిమ్మర్‌కి మారడం పనిచేస్తాయి. గుల్లలో చీము నిండి, చుట్టూ ఎర్రదనం పాకుతూ, వేడిగా నొప్పిగా ఉండి, జ్వరం కూడా వస్తే ఇంటి వైద్యాలు ఆపి డాక్టర్ని కలవాలి. ఇంకో మాట: తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని అందరూ అంటారు. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా స్పోర్లు మట్టిలో, పేడలో ఉంటాయి, తుప్పులో పుట్టవు. తుప్పు పట్టిన బ్లేడు పారేయాల్సిందే గానీ, అది గరుకుగా కోస్తుంది కాబట్టి. ధనుర్వాతం నుంచి కాపాడేది టీకా.

ఎలక్ట్రిక్ షేవర్ గురించి చెప్పాల్సింది కొంచెమే. ప్లగ్ తీసి, జాలీ విప్పి, లోపలి పొడిని బ్రష్‌తో దులపాలి. నీళ్ళు తగలొచ్చని దాని మీద రాసి ఉంటేనే కడగాలి. ఆరాక ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేయాలి.

వాడిన బ్లేడ్లని చెత్త కవర్లో నేరుగా పడేయకండి. ఆ కవర్‌ని చేత్తో ఎత్తేవాళ్ళు, చెత్తని చేత్తో వేరుచేసేవాళ్ళు ఉన్నారు. మన రక్తపు మరక ఉన్న బ్లేడు వాళ్ళ వేలికి దిగితే, పైన హెపటైటిస్ గురించి రాసిందంతా వాళ్ళకి వర్తిస్తుంది. మూత ఉన్న ఒక రేకు డబ్బా తీసుకుని, మూత మీద బ్లేడు పట్టేంత సన్నని చీలిక కోసి, సింకు దగ్గర పెట్టుకోండి. నిండాక మూత చుట్టూ టేపు గట్టిగా చుట్టి, పైన పెద్ద అక్షరాలతో "బ్లేడ్లు ఉన్నాయి" అని రాసి, చెత్త తీసుకెళ్ళే మనిషి చేతికి విడిగా ఇచ్చి, ఏముందో నోటితో కూడా చెప్పండి.